హైడెల్‌బెర్గ్ హైలిగెన్‌బెర్గ్ కొండ: మోకాలి నొప్పి ఉన్న అమ్మతో ఏ వైపు నుంచి ఎక్కాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను జర్మనీలోని మాన్‌హైమ్‌లో, హైడెల్‌బెర్గ్‌కు దగ్గరలో, ఉద్యోగం చేస్తున్నాను. గుంటూరు నుంచి అమ్మ, నాన్న వచ్చి ఉన్నారు. నాన్నగారు చరిత్ర ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు, రోజూ గంట నడుస్తారు. అమ్మకు మాత్రం మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. హైడెల్‌బెర్గ్ కోటను ఇదివరకే చూపించాను కనుక, ఈసారి నదికి అవతలి ఒడ్డున ఉన్న హైలిగెన్‌బెర్గ్ కొండకు అడవి దారిన వెళ్లి, వేరే దారిన దిగి రావాలని ఉంది. ఎటు నుంచి మొదలుపెడితే మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: నమస్కారమండీ. అమ్మగారికి ఇబ్బంది దిగేటప్పుడే అంటున్నారు కనుక మెట్లున్న వైపు నుంచి ఎక్కి, మెట్లు లేని వైపు నుంచి దిగండి. పాత వంతెన దాటగానే ఎదురుగా రెండు రాతి గోడల మధ్య మెలికలు తిరుగుతూ పైకి పోయే ష్లాంగెన్‌వెగ్ కనిపిస్తుంది. ఆ పేరుకు పాము దారి అని అర్థం. నిటారుగానే ఉంటుంది గానీ, మలుపు మలుపుకూ ఆగి వెనక్కి తిరిగితే నెకర్ నది, దాని మీద 1788లో పూర్తయిన ఆ వంతెన, ఆవలి కొండవాలున ఎర్రరాతి కోట కనిపిస్తాయి కాబట్టి, ఆగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. నేను నిరుడు ఏప్రిల్‌లో మా అమ్మను ఈ దారినే దింపి పొరపాటు చేశాను. రాత్రి వాన పడి మెట్ల మీద తడి ఆకులు అంటుకుని ఉన్నాయి. ఆవిడ ఒక చేత్తో చీర కుచ్చెళ్లు, మరో చేత్తో గోడ పట్టుకుని మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగి, సగం దారిలో కూర్చుండిపోయారు.

ఆ మెట్లు ఫిలసోఫెన్‌వెగ్ అనే చదును బాటకు చేరుస్తాయి. దక్షిణానికి తిరిగిన వెచ్చని వాలు కావడంతో అక్కడి తోటల్లో నిమ్మ, అంజూర, దానిమ్మ వంటివి పెంచుతారు. జర్మనీలో దానిమ్మ చెట్టు చూపిస్తే అమ్మగారు తప్పకుండా సంతోషిస్తారు.

అక్కడి నుంచి గుర్తుపలకలను అనుసరిస్తూ బీచ్ (beech) అనే చెట్ల అడవిలోకి మళ్లండి. కొండ ఎత్తు సుమారు 440 మీటర్లు, నది ఒడ్డు నుంచి మీరు ఎక్కేది దాదాపు 330. మొదట దక్షిణ శిఖరం మీద సెయింట్ స్టీఫెన్ మఠం పునాదులు, పక్కనే 1885లో ఆ శిథిలాల రాళ్లతోనే కట్టిన బురుజు వస్తాయి. చుట్టుపక్కల దృశ్యమంతా చూడవలసింది ఆ బురుజు మీది నుంచే. మరికొంత దూరంలో హైడెన్‌లోఖ్ అనే బావి లాంటి గొయ్యి ఉంది. 50 మీటర్లకు పైగా లోతున్న దాన్ని ఎవరు, ఎందుకు తవ్వారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ తరువాత వచ్చే రాతి మెట్ల బహిరంగ రంగస్థలాన్ని, పురాతన గ్రీకు కట్టడం అనుకుని చాలామంది ఫొటోలు తీసుకుంటారు. అది నాజీలు ప్రచార సభల కోసం కట్టించుకున్నది, 1935లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ చేతుల మీదుగా ప్రారంభమైంది. నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

రంగస్థలం చూసి వెనుదిరగవద్దని నా ప్రత్యేక మనవి. దాని పై అంచు దాటి కాస్త ముందుకు వెళితే సెయింట్ మైకేల్ మఠం శిథిలాలున్నాయి. 11వ శతాబ్దపు ఆ చర్చి అడుగున రోమన్ల కాలపు మెర్క్యురీ అనే దేవుడి గుడి ఆనవాళ్లు బయటపడ్డాయి. అంతకు ముందు, క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం ప్రాంతంలో, కెల్టులనే ప్రాచీన ఐరోపా తెగలవారు ఈ కొండ చుట్టూ రెండు వరుసల ప్రాకారం కట్టుకున్నారు. ఇప్పుడది ఆకులు కప్పిన పొడవాటి రాళ్ల గట్టులా మిగిలింది. చెప్పేవారు లేకపోతే పొలం గట్టు దాటినట్టు దాటిపోతాము.

మరొకరు: పై సలహాతో నేనూ ఏకీభవిస్తున్నాను. అయితే అమ్మగారికి ఆ మెట్లు ఎక్కడం కూడా కష్టమనిపిస్తే, రంగస్థలం దగ్గరలోని వాహనాల నిలుపుదల స్థలం దాకా కారు దారి ఉంది. ఆవిడను అక్కడ దింపితే, మీరూ నాన్నగారూ నడిచి వచ్చి కలుసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మ నడుస్తాననే అంటున్నారు. దిగే దారి, పట్టే సమయం, జాగ్రత్తలు కూడా చెప్పగలరా?

సమాధానం: తిరిగి ఫిలసోఫెన్‌వెగ్‌కు చేరాక మెట్ల వైపు వెళ్లకుండా పడమరగా నడిస్తే నోయెన్‌హైమ్ అనే పేటలోకి దిగుతారు. చివరి భాగం వాలుగా ఉన్నా మెట్లు ఉండవు. థియోడోర్ హోయిస్ వంతెన దాటితే బిస్మార్క్‌ప్లాట్జ్ అనే కూడలిలో ట్రామ్ దొరుకుతుంది. పెద్దవారితో, చూస్తూ, కూర్చుంటూ వెళ్లడానికి నాలుగు గంటలు కేటాయించుకోండి. నీళ్లు, పులిహోర వెంట తీసుకెళ్లండి. ఈ రాష్ట్రపు అడవుల్లో మన పశువులను పట్టే పిడుదుల వంటి పురుగులుంటాయి, అవి మెదడు వాపు జ్వరాన్ని కూడా అంటించగలవు. గడ్డిలో కూర్చోకుండా బల్లల మీదే కూర్చోండి, ఇంటికి రాగానే కాళ్లు, మోకాళ్ల వెనుక భాగం చూసుకోండి. అమ్మగారిని చీర, చెప్పులు కాకుండా సల్వార్, బూట్లకు ఒప్పించగలిగితే సగం పని అయినట్టే.