కీలెస్ బండికి ఇనుప రాడ్డు: అవసరమా, చాదస్తమా?

ఎంవీపీ శీను:
పోయిన దీపావళికి పుష్ స్టార్ట్ బండి కొన్నాం, కీ జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది మొదటి అంతస్తు, బండి కింద స్టిల్ట్ పార్కింగ్‌లో ఉంటుంది, కీ మాత్రం గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. అంటే రెండింటికీ మధ్య ఒక మెట్ల వరస దూరం. మొన్న మా మావయ్యగారు పూర్ణా మార్కెట్‌లో కొన్నానంటూ స్టీరింగ్ చక్రం తిరగకుండా అడ్డంగా బిగించే ఎర్రరంగు స్టీరింగ్ లాక్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇరవై లక్షల బండికి ఈ ఇనుప రాడ్డేంటి, ఎడ్లబండికి గొలుసేసినట్టు, అని మా ఆవిడ ఒకటే నవ్వు. షోరూమ్ కుర్రాడైతే ఇమ్మొబిలైజర్ ఉంది సార్, కీ సరైన కోడ్ పంపకపోతే ఇంజిన్ స్టార్టే అవదు, ఆ కోడ్ ప్రతిసారీ మారిపోతుంది, ఎవడూ ఏమీ చేయలేడు అన్నాడు. నాకూ అదే సబబుగా ఉంది. మీరూ ఆ మాటే అంటే రాడ్డు మర్యాదగా తిరిగిచ్చేస్తాను.

రేడియో రాజు:
ఇవ్వకండి. కుర్రాడు చెప్పింది నిజమే గానీ సగం నిజం. కోడ్ ఎవరూ పగలగొట్టరు, దొంగలకి ఆ పనే లేదు. మీరు డోర్ హ్యాండిల్ ముట్టుకోగానే బండి సన్నగా ఒక కేక వేస్తుంది, 125 కిలోహెర్ట్జ్ దగ్గర, అది మహా అయితే ఒకటి రెండు మీటర్లు పోతుంది. ఆ కేక విన్న కీ వేరే ఫ్రీక్వెన్సీలో, మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌లో, కోడ్‌తో జవాబిస్తుంది. జవాబొచ్చింది కాబట్టి కీ పక్కనే ఉందని బండి అనుకుంటుంది, అదీ దాని అమాయకత్వం. ఒకడు బ్యాగులో యాంటెనా పెట్టుకుని మీ గుమ్మం దగ్గర నిలబడతాడు, ఇంకొకడు కింద బండి దగ్గర. బండి కేకని పైకి మోస్తారు, అంతే. మీ కీ నిజమే చెప్తుంది, అబద్ధమల్లా దూరం విషయంలోనే. 2011లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇదే చేసి చూస్తే పదీ తెరుచుకున్నాయి, స్టార్ట్ కూడా అయ్యాయి. తర్వాత జర్మనీ వాహనదారుల క్లబ్ ఏడీఏసీ వందల మోడళ్లు పరీక్షిస్తే వాటిలోనూ ఎక్కువ భాగం లొంగిపోయాయి.

ఇంకోటి, ఒకసారి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక కీ దూరమైపోయినా బండి ఆగదు, కుయ్ కుయ్‌మంటుందంతే. నడిరోడ్డు మీద ఆగితే ప్రాణాలు పోతాయి కాబట్టి అలా పెట్టారు. ట్యాంక్ నిండుగా ఉంటే హైవే ఎక్కి ఇచ్ఛాపురం దాటేదాకా ఎక్కడా ఆపక్కర్లేదు.

సీతమ్మధార చిన్ని:
రాజుగారూ, జ్యూరిక్ సంగతి సరే, మన అపార్ట్‌మెంట్ సంగతి చూడండి. వాచ్‌మన్, అతని భార్య, ఇస్త్రీ బండి అబ్బాయి, వినాయకుడి చందాకి తిరిగే పిల్లలు, వీళ్లందరి మధ్య ఇద్దరు మనుషులు యాంటెనా బ్యాగులేసుకుని తచ్చాడతారా? మా అన్నయ్య బుల్లెట్ పోయింది. అందులో టెక్నాలజీ ఏమీ లేదు, అర్ధరాత్రి ఎత్తి ఆటో ట్రాలీలో వేసుకుపోయారు. జనాన్ని భయపెట్టి సిగ్నల్ ఆపే కీ పౌచ్‌లు అమ్ముకోవడం కూడా వ్యాపారమే. కీని మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పడేసి నిద్రపోండి, పైసా ఖర్చు లేదు.

రేడియో రాజు:
వాచ్‌మన్ రాత్రి రెండింటికి మేలుకునే అపార్ట్‌మెంట్ ఏదో చెప్పండి, ఫ్లాట్ కొనుక్కుంటాను. డబ్బా మాత్రం మంచి మాట, లోహం సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, నేనూ అదే అంటాను. మైక్రోవేవ్‌లో పెట్టమని ఎవరైనా అంటే వినకండి, పొద్దున్నే పాలు వేడిచేసేవాళ్లు కీని కూడా వండేస్తారు. కొన్ని కీలలో కదలిక పసిగట్టే చిప్ ఉంటుంది, కాసేపు కదపకుండా ఉంచితే కీ నిద్రపోతుంది. కొన్ని టయోటా కీలకైతే లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే చాలు. మీ మాన్యువల్ చూడండి, కీలెస్ ఎంట్రీ పూర్తిగా ఆపేసుకునే సెట్టింగ్ కూడా ఉండొచ్చు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉన్న కొత్త బండ్లయితే సిగ్నల్ వచ్చి వెళ్లే సమయాన్నే కొలుస్తాయి, వాటిని ఇలా మోసం చేయడం చాలా కష్టం.

బోల్టు బాబాయ్:
ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, డబ్బా ఆ ఒక్క రకం దొంగతనానికే మందు. అసలు కీతో పనే లేని దొంగతనం ఉంది. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన టయోటా రావ్4కి ముందు బంపర్ లాగేసి, హెడ్‌లైట్ వైర్లు ఊడదీసి ఉన్నాయి. ఎవరో ఆకతాయిలనుకున్నాడు. కొన్ని నెలలకి బండే పోయింది. ఆయన బండ్ల సైబర్ సెక్యూరిటీ మనిషే కావడం దొంగల ఖర్మ. కెన్ టిండెల్ అనే స్నేహితుడితో కలిసి ఆరా తీస్తే, బ్లూటూత్ స్పీకర్ డొల్లలో దాచిన పరికరం ఒకటి బయటపడింది. బండిలో కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే కాన్ తీగల జత హెడ్‌లైట్ దాకా వస్తుంది కదా, అక్కడ దాన్ని తగిలించి 'కీ సరైనదే' అని లోపలికి దొంగ కబురు పంపడమే. 2023లో టిండెల్ మొత్తం రాసి పెట్టాడు. ఇప్పుడు చెప్పండి చిన్నిగారూ, కీ డబ్బాలో ఉంటే ఏంటి, సింహాచలం కొండ మీద ఉంటే ఏంటి?

బండి స్టార్ట్ అవకుండా కరెంటు ఆపేసే దొంగ స్విచ్, అదే కిల్ స్విచ్, పెట్టమని నా దగ్గరికి చాలామంది వస్తారు. పెడతాను గానీ ముందే చెప్తాను, వైరు కోస్తే వారంటీ గొడవ వస్తుంది. పైగా బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఆ స్విచ్‌తో వేసే చవకరకం రిలే కాళ్లు తుప్పుపట్టి పచ్చబడిపోతాయి. ఒకాయన కుటుంబంతో కైలాసగిరి ఎక్కి, దిగేటప్పుడు బండి స్టార్ట్ అవక నాకు ఫోన్ చేశాడు. దొంగని ఆపాల్సింది ఓనర్‌ని ఆపింది. అందుకే ముందు ఇనుము అంటాను. రాడ్డుకి వైరు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు.

సీతమ్మధార చిన్ని:
గ్రైండర్ పెడితే మీ ఇనుము రెండు నిమిషాలు. మరి?

బోల్టు బాబాయ్:
అవునమ్మా, కోస్తారు. స్టీరింగ్ చక్రాన్నే రంపంతో కోసి రాడ్డు ఊడదీసేవాళ్లూ ఉన్నారు. కానీ చడీచప్పుడు లేకుండా నిమిషంలో పోదామని వచ్చినవాడు గ్రైండర్ మోత పెడతాడా? ఆ మోతకి మీ వాచ్‌మన్ కూడా లేస్తాడు.

క్లెయిమ్ కామేశ్వరి:
దొంగల తెలివి గురించి ఇంత మాట్లాడుకున్నారు, కాగితాల గురించి ఒక్కరూ ఎత్తలేదు. పదకొండేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూశాను. బండి పోయిందని రాగానే మేం అడిగేది రెండు కీలూ. ఒక కీ ఎప్పుడో పారేసుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నవాళ్లు అక్కడ నీళ్లు నములుతారు. టిఫిన్ బండి దగ్గర ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో వదిలి పెసరట్టు తెచ్చుకోవడానికి దిగితే, జాగ్రత్త తీసుకోలేదని క్లెయిమ్ పేచీలో పడుతుంది. కల్యాణమండపంలో ముక్కూమొహం తెలియని వాలే పార్కింగ్ కుర్రాడికి కీ ఇవ్వడం కూడా నాకు నచ్చదు, డ్యాష్‌బోర్డు కింద మెకానిక్‌లు లోపాలు చూసుకునే ఓబీడీ పోర్టుకి మెషిన్ తగిలించి కొత్త కీ నేర్పించే పరికరాలున్నాయి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే పాత కీలన్నీ మెమరీలోంచి తీయించాకే ఇంటికి తెచ్చుకోండి.

అన్నట్టు, యాంటీ థెఫ్ట్ డివైస్‌కి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో, 2.5 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 500 రూపాయలు, అనే పాత నిబంధన ఉంది. అది బండ్లని పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించినవాటికే. పూర్ణా మార్కెట్ రాడ్డుకి రాదు. ఆశపడకండి.

ఎంవీపీ శీను:
నిన్న ప్రయోగం చేశాను. కీని పోపుల డబ్బాలో పెట్టి, డబ్బా పట్టుకుని బండి పక్కన నిలబడి హ్యాండిల్ ముట్టుకున్నాను. టక్కున తెరుచుకుంది! రాజుగారిని నాలుగు తిట్టుకుని పైకి వస్తుంటే అప్పుడు వెలిగింది, రెండో కీ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, ఆవిడేమో నన్ను చూసి నవ్వుకుంటూ నా పక్కనే నిలబడి ఉంది. ఆవిణ్ని పైకి పంపి మళ్లీ చూస్తే తెరుచుకోలేదు, మూత కాస్త వదులు చేయగానే తెరుచుకుంది. పోపుల డబ్బాని నమ్మలేక రెండు కీలూ బీరువాలోకి ఎక్కించాను. రాత్రిళ్లు రాడ్డు కూడా వేస్తున్నాను, మావయ్యగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఒక్కటే చిక్కు. ఇవాళ తెల్లవారుజామున స్టేషన్‌కి వెళ్లాలి, బండి కీ బీరువాలో, బీరువా తాళం మా ఆవిడ తలగడ కింద, రాడ్డు తాళమూ ఆ బీరువాలోనే. చివరికి ఆటోలో పోయాను. రాడ్డు తాళం ఎక్కడ పెట్టమంటారు?

బోల్టు బాబాయ్:
గుమ్మం పక్కన మేకుకి. దానికి రేడియో లేదు కదా బాబూ.