గోగు డీఎన్‌ఏలో జన్యువులున్న భాగాన్ని వేరుచేయడం ఎలా? జిగురుతో ఇబ్బంది

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. మా వైపు నార కోసం వేసే గోగు మీద నా ప్రాజెక్టు. మొత్తం జీనోమ్ సీక్వెన్సింగ్ (మొక్క డీఎన్‌ఏ అంతా చదివించడం) చేయించే స్తోమత లేదు, అందుకే జన్యువులు ఎక్కువున్న భాగాన్ని ముందే ఏరుకోవాలనుకుంటున్నాం.

మిథైలేషన్ (డీఎన్‌ఏకు మిథైల్ గుర్తులు అంటుకోవడం) ఆధారంగా వడపోసే మిథైలేషన్ ఫిల్ట్రేషన్ వైపే నా మొగ్గు. మొక్కల్లో పునరావృత భాగాలకు (పదేపదే వచ్చే డీఎన్‌ఏ వరుసలకు) మిథైలేషన్ ఎక్కువ, జన్యువులకు తక్కువ. మెక్‌ఆర్‌బీసీ ఎంజైమ్ మిథైల్ ఉన్న డీఎన్‌ఏను కోసేస్తే, మిగిలిన పెద్ద ముక్కల్లో జన్యువుల వాటా పెరుగుతుంది. జీనోమ్‌లో దాదాపు 85 శాతం ట్రాన్స్‌పోజాన్లే (చోటు మారగల పునరావృత డీఎన్‌ఏ ముక్కలే) ఉన్న మొక్కజొన్నలో కూడా ఇది పనిచేసింది.

బెంగ ఏమిటంటే, క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏకు మిథైలేషన్ దాదాపు ఉండదు. అది కూడా మిగిలిపోతుంది! కేంద్రకాలను ముందే విడదీద్దామంటే గోగాకు జిగురు అడ్డం. డీఎన్‌ఏ తీసే సీటాబ్ పద్ధతిలో ఉప్పు పెంచి, పీవీపీ (ఆకులోని ఫినాల్ పదార్థాలను పట్టే పాలిమర్) కలిపినా, డీఎన్‌ఏ శుభ్రతను చూపే 260/230 నిష్పత్తి 1 దాటట్లేదు, ఎంజైమ్ సగం సగమే కోస్తోంది.

గోగు, బెండ, పత్తి లాంటి వాటితో పనిచేసినవారు దయచేసి చెప్పండి. చీకట్లో పెంచిన మొలకలు వాడితే జిగురు, క్లోరోప్లాస్ట్ రెండూ తగ్గుతాయా? మామూలు సెంట్రిఫ్యూజ్‌తో కేంద్రకాలు శుభ్రంగా వస్తాయా? లేక కాట్ పద్ధతికే (డీఎన్‌ఏ పోగులను వేడితో విడదీసి, అవి తిరిగి జతకట్టే వేగాన్ని బట్టి వేరుచేయడం) మారాలా? అందులో ఎక్కువ కాపీలున్నవి ముందే జతకడతాయి కనుక క్లోరోప్లాస్ట్ బెడద తీరుతుంది, కానీ జతకట్టిన పోగులను వేరుచేసే హైడ్రాక్సీ అపటైట్ కాలమ్ నడపడం నేర్పేవారు ఇక్కడ దొరకలేదు. విశాఖలో ఎవరైనా చూపిస్తానంటే వచ్చి నేర్చుకుంటాను.