అవాహిని ఆపాను, 5355, 111 పోర్టుల సంగతి ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మానిటర్, ప్రింటర్ ఏవీ లేని ఒక లినక్స్ సర్వర్‌ని నేనే చూసుకుంటున్నాను. మొన్న ఎస్‌ఎస్ కమాండ్‌తో ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో చూస్తే 5353, 5355, 111 మూడూ అన్ని అడ్రసుల మీదా వింటూ కనిపించాయి. ఒకటే టెన్షన్.

5353 అవాహి డీమన్‌ది (లోకల్ నెట్‌వర్క్‌లో ప్రింటర్ల లాంటివాటిని వెతికిపెడుతూ వెనకాల నడిచే ప్రోగ్రామ్). సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఇచ్చాను, ఆగింది. కాసేపటికి చూస్తే మళ్లీ లేచి కూర్చుంది! స్టాప్ ఇచ్చినప్పుడు వచ్చిన హెచ్చరికను అప్పుడు సరిగ్గా చదివాను: అవాహి డీమన్ సాకెట్ (ఎవరైనా సంప్రదిస్తే సర్వీసుని స్టార్ట్ చేసేది) దాన్ని మళ్లీ లేపగలదట. సర్వీసు, సాకెట్ రెండింటినీ ఆపి డిసేబుల్ చేశాక ఇక రాలేదు.

ఇప్పుడు మిగతా రెండు. 5355 సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ (సర్వర్‌లో పేర్లకు ఐపీ అడ్రసులు కనుక్కునే సర్వీసు) తెరిచిన ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ (డీఎన్ఎస్ సర్వర్ లేకుండా లోకల్ నెట్‌వర్క్‌లోనే పేర్లు కనుక్కునే పద్ధతి) పోర్టు. రిజాల్వ్‌డ్‌నే ఆపేస్తే డీఎన్ఎస్ మొత్తం పోయింది, వెంటనే తిరిగి స్టార్ట్ చేశాను. రిజాల్వ్‌డ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్‌కి 'నో' అని పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలా, లేక ఒక్కో ఇంటర్‌ఫేస్‌కీ విడిగా పెట్టాలా?

111 ఆర్‌పీసీబైండ్‌ది (ఏ ఆర్‌పీసీ సర్వీసు ఏ పోర్టులో ఉందో అడిగినవాళ్లకి చెప్పే సర్వీసు). అసలు భయం దీనితోనే. ఈ సర్వర్ మరో మెషిన్ నుంచి ఒక ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) ఫోల్డర్‌ని మౌంట్ చేసుకుంటుంది, బ్యాకప్‌లన్నీ అందులోకే వెళ్తాయి. మౌంట్ వివరాల్లో వెర్షన్ 4.2 అని ఉంది. వెర్షన్ 4కి ఆర్‌పీసీబైండ్ అక్కర్లేదని చదివాను. అలాంటప్పుడు దాని సర్వీసుని, సాకెట్‌ని మాస్క్ చేసేస్తే (ఎవరూ స్టార్ట్ చేయలేకుండా కట్టేస్తే) రీబూట్ తర్వాత మౌంట్ మామూలుగానే వస్తుందా? ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఫైర్‌వాల్‌లో మూసేయడం తెలుసు, కానీ అవసరం లేని సర్వీసు అసలు నడవకూడదన్నదే నా కోరిక.