1951కి ముందు ఏషియన్ గేమ్స్ జరిగాయా?

గుణదల కుర్రాడు:
మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆదివారం క్విజ్ పెడుతున్నా. మొదటి ఏషియన్ గేమ్స్ ఎక్కడ అన్న ప్రశ్నకి "1951, ఢిల్లీ" అని జవాబు రాసుకున్నా. పై ఫ్లోర్ అంకుల్ అది చూసి, "1913లోనే మనీలాలో జరిగాయి కదోయ్" అన్నారు. ఆయన ఊరికే మాట్లాడే మనిషి కాదు. అదే నా టెన్షన్. పిల్లల ముందు పరువు పోకుండా ఎవరైనా చెప్పండి. మన తెలుగువాళ్లెవరైనా ఆడారా?

డ్రిల్లు మాస్టారు:
ముప్పై ఏళ్లు హైస్కూల్లో విజిల్ ఊదినవాణ్ణి, నేను చెప్తా. మీ జవాబు కరెక్టే. అంకుల్ గారు చెప్పిందీ అబద్ధం కాదు, కాకపోతే అవి వేరే ఆటలు. 1913లో మనీలాలో మొదలైనవాటి పేరు ఫార్ ఈస్టర్న్ గేమ్స్. ఫిలిప్పీన్స్, చైనా, జపాన్‌లదే అక్కడ పెత్తనం. జపాన్ మంచూరియాని ఆక్రమించి నిలబెట్టిన మంచుకువోని ఆటల్లో చేర్చాలా వద్దా అని 1934లో పెద్ద రభస అయింది. ఆ తర్వాత మళ్లీ ఆ ఆటలు జరగలేదు.

అదే ఏడాది మన దగ్గర వెస్టర్న్ ఏషియాటిక్ గేమ్స్ పెట్టారు. మనం, అఫ్ఘనిస్తాన్, సిలోన్, పాలస్తీనా అంతే. ఒక్కసారితో సరి.

ఈ రెండు ముక్కల్నీ కలిపి ఆసియా మొత్తానికీ ఒకే పండగ చేయాలని పట్టుబట్టినవాడు గురుదత్ సోంధీ. లాహోర్ ప్రభుత్వ కాలేజీ పంతులు (మా జాతే లెండి). 1948లో లండన్ ఒలింపిక్స్‌కి వచ్చిన ఆసియా జట్ల పెద్దల్ని కూర్చోబెట్టి ఒప్పించాడు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ ఫెడరేషన్ పుట్టింది. 1950లో పెడదామనుకున్న ఆటలు ఏర్పాట్లు కాక వాయిదా పడి, 1951 మార్చి 4 నుంచి 11 దాకా జరిగాయి. వచ్చింది 11 దేశాలు, 489 మంది. ఇవాళ జిల్లా మీట్‌కే అంతకంటే ఎక్కువమంది వస్తారు!

నాకు నచ్చే సంగతి జపాన్‌ది. లండన్ ఒలింపిక్స్‌కి వాళ్లని పిలవలేదు. ఢిల్లీ పిలిచింది. వచ్చి 24 స్వర్ణాలు పట్టుకుపోయారు. మనకి 15, రెండో స్థానం. మనకి మొదటిది ఈతలో సచిన్ నాగ్ తెచ్చాడు, 100 మీటర్ల ఫ్రీస్టైల్. 1947 కలకత్తా అల్లర్లలో కాలికి తుపాకీ గుండు తగిలిన మనిషి!

కాచిగూడ కబుర్లు:
మాస్టారూ, ఫుట్‌బాల్ మాట మర్చిపోయారేంటి! ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్ మేవాలాల్‌ది. కోచ్ మా హైదరాబాద్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన కూడా స్కూల్ టీచరే, కాబట్టి మీ జాతే. మనవాళ్లు చాలామంది అప్పుడు ఒట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. ఏడాది తిరిగాక, 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చితికాక గానీ బూట్ల విలువ తెలిసిరాలేదు. 1962లో జకార్తాలో మళ్లీ రహీం సాబ్ చేతుల మీదుగానే స్వర్ణం వచ్చింది.

డ్రిల్లు మాస్టారు:
నిజమే భాయ్, ఒప్పుకున్నా. బెజవాడ అబ్బాయి అడిగిన రెండో ప్రశ్నకి ఇంకో జవాబుంది: దండమూడి రాజగోపాలరావు. కృష్ణా జిల్లా గండిగుంట. ఢిల్లీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం తెచ్చాడు. "ఆంధ్రా భీమ" అనేవారు. నర్తనశాల సినిమాలో భీముడు ఆయనే.

గుణదల కుర్రాడు:
అయ్య బాబోయ్! బెజవాడలో దండమూడి ఇండోర్ స్టేడియం ఆయన పేరేనా? అందులో ఎన్నిసార్లు షటిల్ ఆడానో! ఎవరో దాత పేరు అనుకున్నాను ఇన్నాళ్లూ. మాస్టారూ, క్విజ్‌లో ఆ ప్రశ్న పెట్టేస్తున్నా, పై ఫ్లోర్ అంకుల్‌కి కూడా తెలిసుండదు.