‘నాన్ లీనియర్’కి తెలుగు మాట, దాని వెనకే వచ్చే క్రియల తంటా

ప్రశ్న: ‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ద స్పాట్‌లెస్ మైండ్’ (2004) సినిమా మీద ఒక వ్యాసం దిద్దాలి. విడిపోయిన ఇద్దరు ఒకరి జ్ఞాపకాలొకరు తలలోంచి తీయించేసుకుని, ఆ సంగతి తెలియక మళ్లీ కలిసే కథ అది. అందులో ‘ఇదొక అరేఖీయ ప్రేమకథ. జోయెల్, క్లెమెంటైన్ రైల్లో తొలిసారి కలుస్తారు, తర్వాత విడిపోతారు’ అని ఉంది. క్లెమెంటైన్‌గా వేసిన కేట్ విన్స్‌లెట్ ‘పాత్రలో జీవించింది’ అనీ ఉంది. వీటిలో ఏవి మార్చాలి?

జవాబు: ‘నాన్ లీనియర్’కి ‘అరేఖీయ’ తప్పు కాదు గానీ లెక్కల పుస్తకం వాసన వేస్తుంది. వాడక తప్పదంటే ‘కథనం’ ముందు పెట్టండి, ‘కథ’ ముందు కాదు. కథ అంటే జరిగిన సంగతి, కథనం అంటే దాన్ని చెప్పిన తీరు. వరస మారింది కథనంలోనే. ‘కథని ముందువెనకలుగా చెప్పిన సినిమా’ అంటే అందరికీ తెలుస్తుంది. ‘ఫ్లాష్‌బ్యాక్ సినిమా’ మాత్రం వద్దు. ఫ్లాష్‌బ్యాక్‌లో మనం నిలబడ్డ చోటు తెలుసు, వెనక్కి వెళ్లి అక్కడికే తిరిగొస్తాం. ఇందులో ఆ చోటు ఏదో మొదట్లో తెలియనివ్వరు.

జవాబు: పేరు సంగతి సరే, వాక్యాన్ని ముంచింది క్రియలు. తెలుగులో ‘-తారు’ అలవాటుకీ అదే, రాబోయేదానికీ అదే. మామూలు సినిమా కథ రాసేటప్పుడు ఇబ్బంది ఉండదు. ఇక్కడ ‘విడిపోతారు’ అంటే ఇంకా విడిపోలేదనుకుంటాం. సరిచేద్దామని ‘విడిపోయి ఉంటారు’ అని రాస్తే బహుశా విడిపోయారేమో అన్న ఊహలా వినిపిస్తుంది. ‘అప్పటికే విడిపోయారు’ అని తేల్చెయ్యండి.

‘తర్వాత’ ఇంకా ప్రమాదం. జోయెల్ జ్ఞాపకాలు కొత్తవాటితో మొదలై పాతవాటి వైపు చెరిగిపోతుంటాయి. అక్కడ తెర మీద తర్వాత వచ్చే సీను వాళ్ల బతుకులో ముందుది. అందుకే ఏ ‘తర్వాత’నో ప్రతిసారీ చెప్పాలి: ‘తెర మీద తర్వాత’, ‘జరిగిన వరసలో తర్వాత’. రైలు దగ్గర ‘తొలిసారి’ అబద్ధం. సినిమా చూడనివాళ్ల కోసం రహస్యం దాచాలంటే ఆ ఒక్క మాట కొట్టేస్తే చాలు.

జవాబు: ‘జీవించింది’ ఏ నటికైనా అతుకుతుంది కాబట్టి ఏమీ చెప్పదు. మనకి ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట తీరు), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నటనకి నాలుగు మాటలు ఉండనే ఉన్నాయి. ఈ సినిమాలో కాలం చెప్పే పని ఆహార్యానిది: కలిసిన కొత్తలో జుట్టు ఆకుపచ్చ, ప్రేమలో ఉండగా ఎరుపు, నారింజ, అంతా అయ్యాక నీలం. మనకి రైల్లో కనిపించేది నీలం. వాచికానికి ఆ రైలు సీనే చూడండి, జోయెల్ ‘నైస్’ అన్నందుకు ఎలా చిరాకు పడుతుందో. అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. సినిమాలో చాలాసేపు మనం చూసేది క్లెమెంటైన్‌ని కాదు, జోయెల్ తలపులో మిగిలిన క్లెమెంటైన్‌ని. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన నటన గురించి రాస్తూ, నిజం మనిషికీ తలపులో మనిషికీ ఆమె చూపించిన తేడా పట్టుకోకపోతే ఆ పేరా ఎందుకు?

జవాబు: చిన్న పక్కమాట. ముందువెనకల కథనం మనకి సినిమాతో రాలేదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కలభాషిణి ఊయలతో మొదలవుతుంది, అన్నిటికీ మూలమైన బ్రహ్మ సరస్వతుల సరసం చాలా లోపలికి వెళ్తే గాని రాదు. దాన్ని ఎవరూ అరేఖీయ కావ్యం అనలేదు!

అడిగినవారు: రహస్యం దాచక్కర్లేదు, చూసినవాళ్ల కోసమే. ఇలా మార్చాను: ‘నీలం జుట్టు క్లెమెంటైన్ రైల్లో జోయెల్‌ని పలకరిస్తుంది. అప్పటికే వాళ్లు ప్రేమించుకున్నారు, విడిపోయారు. ఒకరినొకరు మరిచిపోయారు.’ సరిపోతుందాండీ?

జవాబు: చివరి క్రియ తప్ప. మరిచిపోవడం దానంతటది జరిగేది. వీళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లి, డబ్బిచ్చి ‘చెరిపించుకున్నారు’. ఆ ‘-ఇంచు-’, ఆ ‘-కొను’ రెండూ ఉండాలండీ.