పాత లీవర్ కాఫీ మిషన్ బాయిలర్‌కు కళాయి పెట్టించాలా, వద్దా?

నల్గొండ పిస్టన్: పోయిన నెల పాత లా పావోనీ యూరోపిక్కోలా ఒకటి చేతికొచ్చింది. ప్రెజర్ స్విచ్ లేని రకం, వేడి ఎక్కువైతే మనమే చూసుకుని తగ్గించుకోవాలి. ఇదివరకు వాడినాయన బోరు నీళ్లే పోసినట్టున్నాడు, లోపల గుడ్డు పెంకంత మందాన సున్నం. నిమ్మ ఉప్పు వేసి రెండుసార్లు నానబెట్టా. పెచ్చులు ఊడాయి గానీ రెండోసారి నీళ్లు నీలంగా దిగాయి, గోడ మీద అక్కడక్కడా గులాబీ మచ్చలు తేలాయి. ఇత్తడి బయటపడిందన్నమాట. కళాయి, అదే తగరం పూత, పోయిన గిన్నెలో చారు కాస్తే చిలుమెక్కుతుందని మా అమ్మ గొడవ చేస్తుంది, మరి ఈ బాయిలర్‌లో నీళ్లు 115 డిగ్రీలు దాటి కాగి నేరుగా కప్పులోకే వస్తాయి. పాత ఇత్తడిలో సీసం కూడా ఉంటుంది. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర, కాబట్టి ఊడుతుందన్న భయం లేదు. పెట్టించాలనే నేనంటా.

పాలమూరు లీవర్: వద్దు తమ్మీ. బొగ్గుల మీద పెడితే బయటి క్రోమ్ మాడి రంగు తిరుగుతుంది, దానికి మళ్లీ ప్లేటింగ్ ఖర్చు. పైగా కళాయి అంటే నవాసారం చల్లి దూదితో తుడవాలి, నీ బాయిలర్ మూతిలో పిడికిలి పడుతుందా? అడుగున కుప్పపడి, పక్కన ఖాళీ వదిలి వస్తుంది. ఇంకో మాట, నువ్వు భయపడేది సీసానికి కదా, కొందరు కళాయివాళ్లు తగరం ధర చూసి అందులో సీసమే కలుపుతారు. అసలు తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కరకరమంటుంది, సీసం కలిస్తే ఆ చప్పుడు తగ్గిపోతుంది. ఎంతమంది వంచి చూస్తారు?

నల్గొండ పిస్టన్: కడ్డీ నేనే కొనిస్తా అన్నా, దాంట్లో కష్టమేముంది. క్రోమ్ ఎలాగూ సగం పోయింది.

దేవరకొండ చాయ్: మీరిద్దరూ లోహం పట్టుకుని కొట్లాడుతున్నారు గానీ అసలు గొడవ నీళ్లది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ దించే పద్ధతికి మన నల్గొండ జిల్లా పేరే పెట్టారు, అయినా నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు సరికదా, ఆవిరి వదిలి మళ్లీ మళ్లీ నీళ్లు కలిపే బాయిలర్‌లో అది చిక్కబడుతుంది. కృష్ణా నీళ్లు వస్తుంటే అవి పోయండి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు, అవి లోహాన్ని తింటాయి, కొంచెం కుళాయి నీళ్లు కలపాలి. నిమ్మ ఉప్పు కూడా తెల్లగా మెరిసేదాకా వేయకండి సార్, పలచటి సున్నం పొర ఒకటి ఉంటేనే ఇత్తడికి కాపలా. నేనైతే వాడగానే బాయిలర్ వంపేస్తా, రాత్రి నిలిచిన నీళ్లు తాగను.

నల్గొండ పిస్టన్: కాపలా పొర మాట బాగుంది గానీ నేను ఆల్రెడీ గీకేశా కదా!

పాలమూరు లీవర్: గీకినా మళ్లీ కడుతుంది, మన నీళ్లకు ఎంతసేపు? ముందు అతుకులు చూడు. మెత్తటి టంకమైతే, అంటే సీసం, తగరం కలిపింది, 183 డిగ్రీలకే మొదలు పెడుతుంది కారడం, బొగ్గుల మీద బాయిలర్ రెండు ముక్కలవుతుంది. వెండి టంకమైతే ఏం కాదు.

నల్గొండ పిస్టన్: అన్నా, టార్చ్ పెట్టి చూశా. అడుగు రింగు దగ్గర ఎవరో ఇదివరకు రిపేర్ చేశారు, బూడిద రంగు టంకం లోపలివైపు కూడా పొంగి గట్టుకట్టింది, గోరుతో గీస్తే గీత పడుతోంది. సీసం టంకమే అనుకుంటా. అంటే ఇన్నాళ్లూ ఇత్తడిని అనుమానిస్తున్నా, అసలు దొంగ ఇక్కడ కూర్చున్నాడు.

దేవరకొండ చాయ్: ఇక కళాయి మాట తర్వాత. అది తీయించి వెండి టంకం వేయించండి.

పాలమూరు లీవర్: అదీ. ఆ తర్వాత కూడా కళాయి వద్దనే నేనంటా, ఆ మాట మీదే ఉన్నా.

నల్గొండ పిస్టన్: నేనూ పెట్టించాలనే మాట మీదే ఉన్నా. రాత్రంతా బాయిలర్‌లో నిలిపిన నీళ్లు ఒక సీసా, కుళాయి నీళ్లు ఒక సీసా ల్యాబ్‌లో ఇచ్చొచ్చా. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. టంకం మార్చాక మళ్లీ ఇస్తా, అంకె చూసి కొట్లాడుకుందాం. అప్పటిదాకా మా ఇంట్లో చాయే.