లారీకి ఏ రంగు వేయించాలి? కాస్త తేల్చండి

చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ తోలే బండి మాది. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌ షెడ్డులో ఉంది, రంగు చెప్పమని పెయింటర్ రోజూ ఫోను. బాబాయికి ఎర్ర బండే బండి. పక్క ఓనరు పసుపంటాడు, రాత్రిళ్లు దూరం నుంచే కనపడుద్దని. ఓడినోళ్లు బిర్యానీ పెట్టాలని పందెం కూడా వేసుకున్నారు! నాకేమో ముదురు నీలమంటే ప్రాణం. దాని మీద తెల్ల తామరపూలు వేస్తే ఎంత బాగుంటాయో. కానీ రాతి దుమ్ము పడితే నీలం మీద ప్రతి గీతా తేలుద్ది. ఎరుపేమో ఎండకి తొందరగా వెలుస్తుందంటున్నారు.

మన ఎండల్లో బండ్లు తిప్పే అన్నలూ, మీకు ఏ రంగు నిలిచింది? పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయించాలా, ఎనామిల్ చాలా? ఆర్సీలో రంగు మార్పించడానికి ఏ కాగితాలు అడుగుతారు?